డీడ్‌లో ఉన్నావిడ

బోర్డు పీకి గరాజ్‌లో పడేసింది పద్మిని.

అనుకున్నంత సులువుగా రాలేదది. ఇల్లు అమ్మిపెట్టే రియల్టర్ పంపిన మనిషి లాన్‌లో బాగా లోపలికి దిగ్గొట్టి వెళ్ళాడు. స్వెటర్ చేతులు పైకి లాక్కుని, అటూ ఇటూ ఊపి, చివరికి రెండు చేతులా కావలించుకుని లాగితే మట్టిపెళ్ళతో సహా ఊడివచ్చింది. ఎదురింటి ముసలాయన పోర్చ్‌లో కూర్చుని అంతా చూసి చెయ్యి ఊపాడు. పద్మినీ ఊపింది. క్యారీ అనే ఈ ఊళ్ళో అంతే. ఇల్లు తగలబడుతున్నా ముందు చెయ్యి ఊపి, ఆ తర్వాత పరుగెత్తుతారు.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన యజ్ఞనారాయణ లాన్‌లో గుంట చూశాడు. షూస్ కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చాడు.

"బోర్డేదీ?"

"గరాజ్‌లో ఉంది."

"ఎవరు తీశారు?"

"ఇంట్లో ఉన్నది ముగ్గురం. ఉషకి అంత బలం లేదు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గించి మాట్లాడడం ఆయనకి అలవాటు. అమెరికా వచ్చాక ఆ గొంతు ఇంకా తగ్గింది.

"నీకు ముందు చెప్పలేదనేగా ఇదంతా? చెబితే ఏమంటావో తెలుసు కనక చెప్పలేదు."

"ఏమంటానేం?"

"రానంటావు."

"ఇప్పుడూ అదే అంటున్నా."

"రెడ్‌మండ్‌లో ఆఫర్ ఆక్సెప్ట్ చేసేశాను పద్మినీ. వచ్చే నెల్లో జాయిన్ అవ్వాలి. ఇల్లు అమ్మకపోతే అక్కడ ఇల్లెలా కొంటాను? డెట్రాయిట్ నుంచి బఫెలో వెళ్ళాం. బఫెలో నుంచి ఇక్కడికొచ్చాం. అప్పుడెప్పుడూ ఇంత గొడవ చెయ్యలేదే నువ్వు."

"బఫెలో నుంచి ఇక్కడికి నేను రాలేదు. పురిటికి బఫెలో నుంచి అమలాపురం వెళ్ళాను. చంటిపిల్లని ఎత్తుకుని తిరిగొస్తే రాలీలో దింపారు. ఊరు మారామన్న సంగతి ఎయిర్‌పోర్ట్‌లో చెప్పారు."

"సర్‌ప్రైజ్ అనుకున్నాను. సొంతిల్లు కొన్నానని సంతోషిస్తావనుకున్నాను."

పద్మిని పొయ్యి మీద పప్పు కలుపుతూ ఉండిపోయింది. ఈ ఊరంటే తనకి వల్లమాలిన ప్రేమేమీ లేదు. ఇక్కడా ఎవరూ లేరు. తెలుగువాళ్ళ ఇళ్ళకి వెళ్ళాలంటే కారులో చాలాదూరం పోవాలి, పోతే మగవాళ్ళు ముందుగదిలో ఇమిగ్రేషన్ మాట్లాడుకుంటారు, ఆడవాళ్ళు వంటింట్లో గిన్నెలు కడుగుతారు. కానీ ఇక్కడ ఎవరూ లేకపోవడం అలవాటైంది. ఏ గంటకి ఏ కిటికీలో ఎండ పడుతుందో తెలుసు. పోస్ట్‌మాన్ దగ్గు తెలుసు. రెడ్‌మండ్ వెళితే ఒంటరిగా ఉండడం మళ్ళీ ఓనమాల దగ్గర్నుంచి నేర్చుకోవాలి. ఆ ఓపిక తనలో అయిపోయింది.

ఇదంతా ఆయనకి చెప్పాలంటే ఎలా చెప్పాలో తెలియలేదు.

"నేను సంతకం పెట్టను," అంది.

యజ్ఞనారాయణ నవ్వాడు. ఎగతాళి నవ్వు కూడా కాదది. చిన్నపిల్ల ఏదో తెలియక అంటే నవ్వినట్టు నవ్వాడు. లేచి డ్రాయర్ తెరిచి కౌంటీ వాళ్ళ టాక్స్ బిల్లు తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"నీ సంతకం అడిగిందెవరు? చదువు. ఓనర్ అన్నచోట ఏముందో చదువు."

దిట్టకవి యజ్ఞనారాయణ. అంతే ఉంది.

"ఇల్లు నా పేరు మీదుంది. అమ్మాలో వద్దో నేను చూసుకుంటాను. బోర్డు రేపు పొద్దున్న మళ్ళీ పెట్టిస్తాను."

పెట్టించాడు కూడా.

ఆ తర్వాత ఇంట్లో మాటలు ఉష మీదుగా నడిచాయి. ఉషకి తొమ్మిదేళ్ళు.

"మీ నాన్నగారిని అన్నానికి రమ్మను."

ఉష తలెత్తి చూసింది. యజ్ఞనారాయణ బల్లకి అవతలివైపే పేపర్ చదువుకుంటున్నాడు.

"మమ్మీ, హి ఈజ్ రైట్ దేర్. నువ్వు చెప్పు."

"నువ్వు చెప్పు."

"డాడీ, అన్నం," అంది ఉష, ఇద్దరివంకా చూడకుండా.

పద్మిని ఒక పొద్దున్న ఉషని స్కూల్ బస్సెక్కించి, టాక్స్ బిల్లు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని రాలీ బయల్దేరింది. డౌన్‌టౌన్‌కి ఒక్కతీ ఎప్పుడూ డ్రైవ్ చెయ్యలేదు. హైవే మీద లారీలు పక్కనుంచి పోతుంటే స్టీరింగ్‌ని కజ్జికాయ నొక్కినట్టు నొక్కిపట్టుకుంది. కోర్ట్‌హౌస్ ముందు పార్కింగ్ దొరక్క అదే వీధి చుట్టూ తిరిగింది. తిరిగేకొద్దీ పౌరుషం పెరిగింది. ఇంత దూరం వచ్చింది ఇల్లు చూసుకోవడానికి. ఇంట్లో కూర్చుంటే ఇల్లెవరిదో తెలియదుట, ఊళ్ళోకొచ్చి అడగాలిట.

టాక్స్ ఆఫీసులో కౌంటర్ వెనక ఒక నడివయసు మనిషి ఉంది. బిల్లు చూపించి, ఈ ఇంటి కాగితాలు చూడొచ్చా అని అడిగింది పద్మిని. తను ఎవరో ఏమిటో చెప్పుకోవాల్సి వస్తుందని దారిపొడుగునా ఇంగ్లీషులో జవాబు కూర్చుకుంటూ వచ్చింది. ఆ మనిషి అదేం అడగలేదు. ఎవరి ఇంటి సంగతైనా ఎవరైనా చూడొచ్చుట. వెనక్కి వెళ్ళి ఒక పెద్ద కార్డు తెచ్చి ముందు పెట్టింది.

కార్డు మీద ఇంటి బొమ్మ ఉంది. గోడలు గీతలు, గీతల పక్కన అడుగులు. ఒకవైపు లాండ్ విలువ, ఒకవైపు ఇంప్రూవ్‌మెంట్స్ విలువ.

"ఏం ఇంప్రూవ్‌మెంట్స్? మేం ఏమీ కట్టించలేదే," అంది పద్మిని గాభరాగా. ఆయన తనకి చెప్పకుండా ఇంకా ఏమైనా చేశాడేమోనని అనుమానం.

"ఇంప్రూవ్‌మెంట్ అంటే ఇల్లే, హనీ. నేల మీద ఏది కడితే అది."

ఓహో అనుకుంది. నేల మీద ఇల్లు లేస్తే బాగుపడినట్టు లెక్క. లోపల ఉన్నవాళ్ళు బాగుపడ్డారా లేదా అన్నది కౌంటీకి అక్కర్లేదు.

ఇటుక గోడలు. ఫైర్‌ప్లేస్ ఒకటి. కండిషన్: యావరేజ్. అట్టడుగున ఎవరో పెన్సిల్‌తో రాశారు. ఇంట్లో ఎవరూ లేరు, బయటినుంచే కొలిచాం, అని.

ఆ రోజు పద్మినికి గుర్తుంది. ఇండియా నుంచి వచ్చిన కొత్త. ఎవరో మనిషి టేపు పట్టుకుని ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. బెల్ కొట్టాడు. తెలియనివాళ్ళకి తలుపు తియ్యొద్దని ఆయన గట్టిగా చెప్పి వెళ్ళాడు. చంటిపిల్ల ఏడిస్తే వినబడుతుందని బట్టల గదిలోకి దూరి, పిల్లకి పాలిస్తూ, కోట్ల మధ్య నిలబడింది. టేపు గోడకి రాసుకునే చప్పుడు గది చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. భయం తగ్గాక అయ్యో అనిపించింది. వారం మొత్తానికి ఆ ఇంటి తలుపు తట్టింది అతనొక్కడే.

"ఓనర్ ఈయనొక్కరేనా?" అని అడిగింది, కార్డు వెనక్కి తోసి.

"అది మేం బిల్లు పంపించే పేరు. మా మెషీన్‌లో ఒక లైన్‌లో ఎన్ని అక్షరాలు పడితే అన్నే." ఆవిడ కార్డు వంక మళ్ళీ చూసింది. "మీ పేరు పొడుగ్గా ఉంది. ఇంకొకరి పేరున్నా పట్టదు. ఇల్లు ఎవరిదో తెలియాలంటే డీడ్ చూడాలి. బుక్, పేజీ కార్డు మీదే ఉన్నాయి. పై ఫ్లోర్‌కి వెళ్ళండి."

పద్మినికి నవ్వొచ్చింది. యజ్ఞనారాయణ అన్న పేరు రాసేసరికే చోటు అయిపోయిందిట. బిల్లులోనే కాదు, ఎక్కడైనా అంతేగా.

పైన డీడ్ పుస్తకాలు బల్ల కింద అరల్లో పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్కోటీ మోయలేనంత బరువు. అక్కడి కుర్రది ఒకటి లాగి తెరిచి పెట్టి, మీకే పేజీ కావాలో తిప్పుకోండి అంది. పద్మిని తిప్పింది. అందులో ఎవరెవరివో ఇళ్ళు. భర్తా భార్యా, భర్తా భార్యా, ఒక విధవరాలు, మళ్ళీ భర్తా భార్యా. తమ వీధి పేరు కనిపించగానే చూపుడువేలు అక్కడ ఆపింది.

యజ్ఞనారాయణ దిట్టకవి, ఆయన భార్య పద్మిని దిట్టకవి.

ఒకసారి చదివి, ఇంకోసారి చదివింది. మొదటిసారి చదివినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తను ఇంకా అమలాపురంలో పురిటిమంచం మీద ఉండగానే, ఇంత దూరంలో ఈ పుస్తకంలో తన పేరు రాయించాడు మహానుభావుడు. ఇన్నాళ్ళూ చెప్పలేదంతే. లేక రాయించి మరిచేపోయాడో.

రెండోసారి చదివినప్పుడు నీళ్ళు ఆగిపోయాయి.

"ఇద్దరి పేరూ ఉంటే, ఒక్కరే అమ్మడానికి వీలవుతుందా?" అని ఆ కుర్రదాన్ని అడిగింది.

"నేను లాయర్‌ని కాదు మేడమ్. కానీ ఇలా మొగుడూ పెళ్ళాల పేరు మీద ఉంటే ఇద్దరూ సంతకం పెట్టందే ఎవరూ కొనరు." ఆ పిల్ల పేజీ వంక, పద్మిని వంక చూసింది. "ఈ పద్మిని మీరేనా?"

పద్మిని నోరు తెరిచింది. గవర్నమెంట్ ఆఫీసు. అబద్ధం చెప్పకూడదు. బ్యాగ్‌లో డ్రైవర్స్ లైసెన్స్ ఉంది. పాస్‌పోర్ట్, గ్రీన్‌కార్డు ఇంట్లో ఉన్నాయి. అన్నిట్లోనూ ఒకటే పేరు, అది ఇది కాదు.

"ఆవిడ మా వారి భార్య," అంది.

ఆ పిల్ల ముఖం అయ్యో పాపం అన్నట్టు అయింది. ఇంకేమీ అడగలేదు. పేజీ కాపీ తీసి చేతిలో పెట్టి, టేక్ కేర్ మేడమ్ అంది, చాలా మెత్తగా.

పార్కింగ్‌లో కారు స్టార్ట్ చెయ్యకుండా కూర్చుంది.

పుట్టినప్పుడు పెట్టిన పేరు కామేశ్వరి. స్కూల్లో అదే, డిగ్రీలో అదే, శుభలేఖలో అదే. ఖర్మకొద్దీ అత్తగారి పేరు కూడా కామేశ్వరే. కాపురానికొచ్చిన రోజున ఆవిడ, "కోడల్ని కేకేస్తే నన్ను నేను కేకేసుకున్నట్టుంటుంది. పైగా వాడు పెళ్ళాన్ని తల్లి పేరు పెట్టి ఎలా పిలుస్తాడే? ఇవాళ్టి నుంచి నువ్వు పద్మినివి," అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కొత్తకోడలు కూడా నవ్వింది. ముద్దుగా ఉందనుకుంది.

అమెరికాలో ఆ పేరే స్థిరపడింది. ఇంతసేపూ మనమూ పద్మిని అనే అంటున్నాం, అందరూ అనేదే అన్నాం. అత్తగారు పోయి రెండేళ్ళయింది. ఆ ఫోన్ వచ్చిన రాత్రి ఏడుస్తున్న మొగుడి పక్కన కూర్చుని, ఇక నా పేరు నాకు తిరిగొస్తుందేమో అనుకుంది ఆవిడ. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడినా ఎదురుచూసింది. ఆయన మాత్రం పద్మినీ, కాఫీ అంటూనే ఉన్నాడు.

"కామేశ్వరి," అంది కారులో, పైకి. ఎవరో పక్కింటావిడని పిలిచినట్టుంది. ఇంకోసారి అంది. మూడోసారి అని, కారు స్టార్ట్ చేసింది.

సరే, ఇక మనమైనా కామేశ్వరి అందాం.

ఆ సాయంత్రం కామేశ్వరి కాపీని బల్ల మీద, ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టింది. ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"కోర్ట్‌హౌస్‌కి వెళ్ళావా?"

"వెళ్ళాను."

"ఒక్కదానివీ?"

"ఎప్పుడూ ఒక్కదాన్నేగా."

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. "నిజమే. లాయరు అప్పుడేదో అన్నాడు, ఇద్దరి పేరూ వెయ్యాలని. మర్చేపోయాను. మరి నీకు సంతోషమేగా? నీ పేరుందిగా?"

"నా పేరు లేదు. పద్మిని పేరుంది."

"అంటే?"

"అంటే ఇల్లు అమ్మాలంటే పద్మిని సంతకం కావాలి. ఆవిడ ఎక్కడుందో వెతుక్కోండి."

యజ్ఞనారాయణకి అప్పటికి బోధపడింది. ముఖం ఎర్రబడింది. గొంతు ఇంకా తగ్గింది.

"లాయరు ఫోన్‌లో వైఫ్ నేమ్ ఏమిటన్నాడు. నోటికొచ్చింది చెప్పాను. రోజూ పిలిచే పేరు కాక ఏం చెబుతాను?"

"ఉన్న పేరు చెప్పొచ్చు."

"నీకు తెలియదా ఎందుకు చెప్పనో?"

"తెలుసు. మీ అమ్మగారు బతికుండగా తెలుసు. ఇప్పుడు తెలియడం లేదు."

"అమ్మ సంగతి ఎత్తకు."

"నేనెత్తింది నా పేరు. అది అత్తగారితో పాటు పోలేదు."

ఫ్రిజ్ మూలిగి ఆగింది. కామేశ్వరికి ఆయన మీద జాలేసింది, అదే ఆవిడకున్న జబ్బు. తల్లి పేరు ఆయనకి ఒక్కచోటే ఉంది, ఆ చోట పెళ్ళాన్ని కూర్చోబెట్టలేడు. దుర్మార్గం కాదది. కానీ దానివల్ల ఇన్నేళ్ళూ పేరు లేకుండా బతికింది తను.

ఆయన కాగితం మడిచాడు. "ఇదేం పెద్ద ప్రాబ్లం కాదు. ఒక అఫిడవిట్ రాయిస్తే సరి. ఇద్దరూ ఒకరే అని నోటరీ ముందు చెప్తాను."

"ఎవరెవరు ఒకరే అని?"

"పద్మినీ... నువ్వూ."

"నువ్వు అంటే నోటరీ రాసుకోదు. పేరు అడుగుతుంది."

ఆయన పెదవులు కదిలాయి. మాట రాలేదు. కామేశ్వరి ఎదురుచూసింది, నిజంగానే ఎదురుచూసింది. ఆ ఒక్క మాట అనుంటే, ఇల్లూ రెడ్‌మండూ అన్నీ మళ్ళీ మొదట్నించి మాట్లాడుకోవడానికి సిద్ధంగానే ఉంది.

"ఆఫ్టర్ ఆల్ ఒక పేరు కోసం ఇంత రాద్ధాంతమా," అని ఆయన లేచి వెళ్ళిపోయాడు.

మెట్ల మీద ఉష కూర్చుని ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో.

"మమ్మీ, నీ పేరు పద్మిని కాదా?"

"కాదమ్మా."

"దెన్ వాట్?"

"కామేశ్వరి."

ఉష ఆలోచించింది. "బట్ దట్స్ నానమ్మ. కామేశ్వరి నానమ్మ పేరు. ఫోటో కింద రాసుంది."

"నాదీ అదే."

"నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

కామేశ్వరి మెట్లెక్కి వెళ్ళింది. పిల్ల పక్కన కూర్చుంది. ఉష జరిగి చోటిచ్చింది గానీ ఒళ్ళో తల పెట్టుకోలేదు. కొత్తమనిషి పక్కన కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చుంది.

శుక్రవారం యజ్ఞనారాయణ ఆఫీసు నుంచి మధ్యాహ్నమే వచ్చాడు. ఇల్లు కొంటామన్నవాళ్ళు దొరికారని రియల్టర్ చెప్పిందిట. ఆ సంగతి కామేశ్వరికి చెప్పింది కూడా ఆయన కాదు, లాన్‌లో బోర్డు మీద కొత్తగా అంటించిన ఎర్ర కాగితం చెప్పింది. ఆయన నేరుగా పైకి వెళ్ళి పడగ్గది తలుపు వేసుకున్నాడు. వంటింటి గోడ ఫోన్ ఒకసారి చిన్నగా మోగి ఊరుకుంది. పైన ఫోన్ ఎత్తినప్పుడల్లా అది అలాగే మోగుతుంది.

తప్పే. అయినా చెయ్యి తుడుచుకుని రిసీవర్ ఎత్తింది.

"...సింపుల్ అఫిడవిట్ చాలు," అంటున్నాడు లాయరు. సాగదీసే దక్షిణాది గొంతు. "నెల తిరక్కుండా క్లోజ్ చేసేద్దాం. మీ భార్య లీగల్ నేమ్ చెప్పండి, రాసుకుంటాను."

పైనుంచి ఊపిరి చప్పుడు వినిపించింది. కామేశ్వరి తన ఊపిరి ఆపుకుంది.

"ఐ విల్ స్పెల్ ఇట్," అన్నాడు యజ్ఞనారాయణ. "కే. ఏ. ఎమ్."

ఒక్కొక్క అక్షరం విడదీసి, మధ్యలో ఆగి, మేస్త్రీ ఇటుకలు లెక్కబెట్టి అప్పజెప్పినట్టు చెప్పాడు. చివరి అక్షరం దాకా చెప్పాడు. వాటిని కలిపి ఒక్కసారి కూడా అనలేదు.

లాయరు రాసుకుని, కూడబలుక్కుని చదివాడు. "కమేష్‌వారీ. సరిగ్గా అన్నానా?"

"ఎస్."

ఆ ఇంట్లో ఒక మగవాడి నోట ఆవిడ పేరు రావడం అదే మొదటిసారి. అతను ఎలా ఉంటాడో కూడా ఆవిడకి తెలియదు. కళ్ళు చెమర్చాయి, అతను అంత తప్పుగా పలికినందుకు కాదు.

"సంతకం విషయంలో ఆవిడకి ఇబ్బందేమీ లేదుగా?"

"నో, నో. మాట్లాడాను. షి హాజ్ అగ్రీడ్."

కామేశ్వరి రిసీవర్‌ని రెండు చేతులా పట్టుకుంది.

"ఎక్స్‌క్యూజ్ మీ," అంది. గొంతు తనదేనా అనిపించింది. "దిస్ ఈజ్ కామేశ్వరి. నోబడీ ఆస్క్‌డ్ మీ."

పైగదిలో మంచం కిర్రుమంది.

లాయరు దగ్గి, ఆచితూచి అడిగాడు. "మిస్టర్ దిట్టకవి, ఈ మాట్లాడుతున్నదెవరు?"

పైన మంచం మళ్ళీ కిర్రుమంది.

"సర్? లైన్‌లో ఉన్నావిడ ఎవరో మీరు నాకు చెప్పాలి."

కామేశ్వరి రిసీవర్‌ని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. ఆయన ఏ పేరు చెబుతాడో వినాలి.